దొరసానికి బదులు

ఆగస్టు 18

ఒరేయ్ చిచ్చుబుడ్డీ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. చేతిలో తెడ్డు గానీ ఇంకే ఇనుప సామాను గానీ ఉంటే కింద పెట్టి కూర్చో. కూర్చున్నావా? అయితే విను.

పక్క తోట పొడుగాయన మీ బావని గూటంతో కొట్టాడు. కంగారు పడకు, మనిషి బతికే ఉన్నాడు, లేచి తిరుగుతున్నాడు. ఎడమ భుజం ఎముక విరిగింది. తల వెనక కోడిగుడ్డంత బొప్పి కట్టింది.

గొడవంతా మగతీగ గురించే. కంచెకి అవతల పొడుగాయన ఒక మగతీగని పెంచుతున్నాడని చిగుళ్ళప్పుడే నీకు రాశాను. దాని పుప్పొడి గాలికొచ్చి పడితే బీరుకి వాసనిచ్చే మన హాప్ పువ్వులు గింజ కడతాయి, వాసన చచ్చిపోతుంది. ఆయనకేం, ఆయన వేసేది వాసన లేని, వట్టి చేదు హాప్, రౌడీ రకం. గింజ కడితే తూకం పెరుగుతుందని మురిసిపోయే మనిషి. పీకెయ్యమని మీ బావ ఎన్నిసార్లు మర్యాదగా అడిగాడో. "నా నేలలో మొలిచింది, నా ఇష్టం" అనేవాడు. మొన్న మధ్యాహ్నం మీ బావ మన మేలు రకం, దొరసాని పువ్వొకటి విప్పి చూస్తే లోపల గింజ కనపడింది. ఎప్పుడూ నోరెత్తని మనిషి, ఆ పువ్వు నా చేతిలో పెట్టి, గునపం తీసుకుని కంచె దాటాడు. ఈ ఏడాదికి ఎలాగూ చేతులు కాలాయి, వచ్చే ఏడాదికైనా వేరు తవ్వేద్దామని.

నేను వెళ్ళేసరికి నేల మీద పడి ఉన్నాడు. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చుంటే, పొడుగాయన అల్లుళ్ళిద్దరూ కొడవళ్ళు పట్టుకుని మన వైపుకొచ్చి దొరసాని తీగలన్నీ మోకాలెత్తున నరుక్కుంటూ పోయారు. ఒక్క వరస కూడా వదల్లేదు. కోతకి ఇంకెన్నో రోజులు లేవు. ఇప్పుడు పందిరి మీద ఉన్నదంతా ఉరేసినట్టు వేలాడుతోంది. నాకు ఏడుపు రాలేదు. పళ్ళు నూరుతూ కూర్చున్నాను.

పోలీసులొచ్చారు. ముందు కంచె దాటింది మీ బావే కాబట్టి రెండు వైపులా కేసు రాసుకుని పోయారు.

నువ్వు రాకు. మొత్తం ఉత్తరంలో ముఖ్యమైన మాట ఇదే. క్రితంసారి ఒకడి దవడ విరగ్గొట్టి లోపలున్నావు. మళ్ళీ చెయ్యెత్తితే ఇక వయసంతా అక్కడేనని జడ్జి నీ మొహం మీదే చెప్పాడు. తోట మళ్ళీ చిగురేస్తుంది. నువ్వు లోపలికెళ్తే నాకు పుట్టింటివాళ్ళంటూ ఎవరూ మిగలరు. ఆ కోపం నువ్వు బీరు కాచే కాగు మీద చూపించి, మీ యజమాని పెద్దాయన బీరుకి దొరసాని బదులు ఏం వెయ్యాలో ఆలోచించు.

మీ అక్క

ఆగస్టు 23

అక్కా,

కూర్చునే చదివాను. లేచాక జరిగిందే చెప్తున్నా.

ముందు బార్లీ బస్తాని గుద్దాను. అది పగిలింది. అప్పటికి నా పాటికి నేను చల్లారేవాణ్ణే. ఈలోగా సోడాబుడ్డి వచ్చాడు. గుర్తుంది కదా, నా కింద పని నేర్చుకుని ఇప్పుడు నా కాగు మీదే కన్నేసిన కళ్ళజోడుగాడు. విషయం విని, నవ్వుతూ, "దొరసాని పోతే పోయింది, రౌడీ వేద్దాం, చేదు లెక్క కట్టి తగ్గించి వేస్తే సరిపోతుంది" అన్నాడు. అక్కా, బావ తల పగిలిన ఉత్తరం నా జేబులో ఉంది. వాడు రౌడీ అంటున్నాడు.

హాప్ కొలిచే ఇత్తడి డబ్బాతో వాడి మొహం మీద కొట్టాను. కళ్ళజోడు రెండు ముక్కలైంది, కనుబొమ్మ చీరుకుపోయింది. వాడూ తక్కువ తినలేదు, తలతో నా ముక్కు మీద పొడిచాడు. ఇద్దరం తడి బార్లీలో పడి దొర్లాం. విడదీసేసరికి నేలంతా నెత్తురు. పెద్దాయన గొట్టం తెప్పించి మా ఇద్దరినీ నేలతో పాటు కడిగించాడు. ఇక్కడి కొట్లాటలు గేటు దాటనివ్వడు, ఆయన పరువు ఆయనది. ఇప్పుడు నా ముక్కు వంకాయంత ఉంది. రెండు వైపులా దూది కుక్కారు, వాసన సంగతి దేవుడెరుగు, ఊపిరే నోటితో పీలుస్తున్నా.

పెద్దాయన తీర్పు విను. ఈ బీరు ఆయన తండ్రి నాటి నుంచీ కాస్తున్నది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే ముందు పువ్వు, వెనకాల కాస్త మిరియం, అలాగే ఉండాలిట. పాత నిల్వ దొరసాని బస్తా విప్పితే తడి మేజోళ్ళ కంపని కుర్రాళ్ళు పారిపోయారు. అందుకని బదులు రకంతో నన్నొక కాగు కాచమన్నాడు. కుదిరితే సరే. కుదరకపోతే కాగు సోడాబుడ్డిది, నేను సీసాలు కడుక్కోవాలి.

బావని అడిగి చెప్పు. దొరసాని వాసనని తెచ్చేది మీ తోటలో ఇంకేముంది? ఆయన ముక్కు ముందు నా ముక్కెంత, అదీ ఇప్పుడు.

నేను మాత్రం వస్తున్నా. కాగు తెడ్డు ఇనుపది, మంచి బరువు. పొడుగోడికి నా నమస్కారాలు చెప్పు.

తమ్ముడు

సెప్టెంబరు 2

ఒరేయ్,

సెలవు దొరకలేదని, పెద్దాయన ఆదివారాలు కూడా కాగెక్కిస్తున్నాడని లారీ డ్రైవరు చెప్పాడు. ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలి. ఆ లారీలోనే రెండు బస్తాలు పంపుతున్నా.

మీ బావ కట్టు కట్టిన చేత్తోనే పువ్వు ఆరబెట్టే కొట్టులో కూర్చుని రకాలన్నీ అరచేతిలో నలిపి వాసన చూశాడు. సోడాబుడ్డి పుస్తకంలో వీటికి ఏం పేర్లున్నాయో నాకు తెలీదు, మనకి అమ్మ పెట్టినవే పేర్లు. పెద్ద బస్తా పిల్లకోడలు. మెత్తగా పువ్వు వాసనొస్తుంది, నోరెత్తదు. చిన్న బస్తా ఘాటమ్మ, మిరియం కోసం. ఒక్క రకంతో దొరసాని ఎప్పటికీ రాదు, ఇద్దరిని కలిపితేనే వస్తుంది. రెండు పాళ్ళు పిల్లకోడలు, ఒక పాలు ఘాటమ్మ. బరువుకి బరువు వెయ్యకు. ఘాటమ్మకి నోరెక్కువ, దొరసాని ఎంత వేసేవాడివో అంత వేశావంటే కాగంతా దానిదే అవుతుంది. చేదుకి ముందే వేసేది వేరే వేసుకో. వీళ్ళిద్దరినీ మాత్రం మంట ఆపేశాక వెయ్యి. మరుగుతుండగా వేస్తే వాసన ఆవిరితో పాటు పైకప్పుకి పోతుంది, నీకు చేదు మిగులుతుంది.

నువ్వు మళ్ళీ నలపక్కర్లేదు, ఆయన నలిపాడు. అమ్మ మాట గుర్తుందిగా. ఒక కోతకి ఒకటే ముక్కు. ఒకరు నలిపింది ఇంకొకరు నలిపితే కొట్టులో కొట్లాటే అనేది. నేనూ వేలు పెట్టలేదు. పెట్టడానికి తీరికెక్కడిది, పొద్దస్తమానం కర్ర పట్టుకుని కంచె దగ్గర కాపలా. అల్లుళ్ళు వంటింటి కిటికీ మీద రాళ్ళేశారు. చిన్న అల్లుడు మన కుక్కని కొడవలి తిరగేసి కొట్టాడు. సాయంత్రం దాకా మూలిగి ప్రాణం వదిలింది. ఎవరూ చూడలేదంటున్నారు.

మీ బావకి నొప్పి తగ్గుతోంది గానీ నోరు చప్పబడిందిట. ఏది పెట్టినా ఉప్పు లేదంటాడు, కారం లేదంటాడు. నా వంటకి ఇన్నేళ్ళకి వంక దొరికిందన్నమాట.

నువ్వు రాకు. కాగు చూసుకో.

మీ అక్క

సెప్టెంబరు 20

అక్కా,

నమస్కారాలూ పలకరింపులూ ఇవాళ లేవు.

నిన్న పనివాళ్ళందరినీ నిలబెట్టి పెద్దాయన పీపా విప్పించాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క గుక్క తాగి, నా చొక్కా మీద ఉమ్మేశాడు. తర్వాత చెంప మీద కొట్టాడు. ఉల్లిపాయ, అక్కా. కుళ్ళిన ఉల్లిపాయ. వారం కిందటే దూది తీశారు, నాకూ తెలిసింది. తలుపులేసిన గదిలో నలుగురు వెల్లుల్లి తిని ఊదినట్టుంది. కాగుడు బీరు కాలవలో పారబోశాం. సోడాబుడ్డి నవ్వలేదు. నవ్వి ఉంటే ఈ ఉత్తరం జైలు నుంచి వచ్చేది.

ముందు లారీ డ్రైవర్ని పట్టుకున్నా. బస్తా దారిలో మార్చాడనుకున్నా. లారీకేసి గుద్దితే వాడి ముందు పన్ను ఊడి నా బూటు మీద పడింది. నెత్తురు తుడుచుకుంటూనే వాడు బస్తా చూపించాడు. కుట్టు నీదే, మూలన నువ్వేసే ఎర్ర దారం అలాగే ఉంది.

మిగిలిన ఘాటమ్మని నలిపాను. అరచేతిలో ఉల్లిపాయ. తీగ మీద ముదరబెట్టి కోస్తేనే ఆ కంపు. చుట్టుపక్కల అలా ముదరబెట్టేది ఎవరో నాకు తెలీదా? తూకం కోసం చివరిదాకా కొయ్యని పొడుగోడు. అంటే ఆ సరుకు వాడి కొట్టులోది. మన ఎర్ర దారం వేసి నాకు పంపింది బావ. వాడు రెండు తగిలించేసరికి బావ రాజీకొచ్చాడు, వాడి చెత్తని నా కాగులో పోయించాడు. లేకపోతే బావ ముక్కుకి ఆ కంపు తెలియకపోవడమేంటి? తెలిసే పంపాడు.

నీకు తెలిసిందా, తెలీదా? ఆ ఒక్క ముక్క రాయి. బావకి చెప్పు, పొడుగోడు ఎడమ భుజం విరగ్గొట్టాడు కదా, కుడిది నాకోసం ఉంచమను.

సోడాబుడ్డి రౌడీ వేసి కాచింది తాగి పెద్దాయన నేల కడిగే మందన్నాడు. అందుకని నాకు ఇంకొక్క కాగు మిగిలింది.

తమ్ముడు

సెప్టెంబరు 27

ఒరేయ్ పాపిష్టివాడా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించలేదు. పొయ్యిలో పడేశాను. ఎందుకో చెప్తాను, ఈసారి కూడా కూర్చునే చదువు.

మంగళవారం మధ్యాహ్నం ఆరబెట్టే కొట్టు అంటుకుంది. నేను తోట చివర ఉన్నాను, పొగ అక్కడిదాకా వచ్చింది. పరిగెత్తుకొచ్చి చూస్తే కింద పొయ్యి గదిలో గోనెలు మండుతున్నాయి. మీ బావ పైగదిలో, పువ్వు తిరగేసుకుంటూ, ఈల వేసుకుంటూ ఉన్నాడు. అటకంతా కాలిన కంపు, నాకు గొంతు మండిపోతోంది. ఆయనకి మాత్రం చెక్కల సందులోంచి మంట కనపడేదాకా ఏమీ తెలియలేదు. చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆయనకి మోచేతి దాకా కాలింది. కొట్టు సగం పోయింది.

కట్టు కడుతుంటే నాకు వెలిగింది. "కళ్ళు మూసుకో" అన్నాను. ఉల్లిపాయ కోసి ముక్కు కింద పెట్టాను. "పిల్లకోడలు" అన్నాడు. కిరసనాయిలు గుడ్డ పెట్టాను. కాసేపు పీల్చి, "ఇది కూడా పిల్లకోడలే" అన్నాడు. ఊహించి చెప్తున్నాడురా. కళ్ళు తెరిచి గుడ్డ చూసుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. గూటం దెబ్బ తల వెనక పడింది, పోయింది ముక్కు. పడిన నాటినుంచీ ఒక్క వాసనా లేదుట. తిరిగి రాకపోవచ్చని డాక్టరు అప్పుడే చెప్పాడుట. నాకు చెప్పలేదు. ముక్కు తప్ప తనకి వేరే విద్య లేదుగా, ఇవాళో రేపో వచ్చేస్తుందని నలిపి నలిపి చూసుకున్నాడు. ఘాటమ్మ కోత రోజు కూడా వాసన చూసి చెప్పేది ఆయనే. తెలియక ముదరనిచ్చాడు. ఆ ఉల్లిపాయ మన తోటదే. పొడుగాయన సరుకు కాదు, రాజీ కాదు.

అమ్మ మాట పట్టుకుని నేనూ నలపలేదు, నీ ముక్కులో దూది. ముగ్గురం కలిసి ముక్కు లేని మనిషిని నమ్ముకున్నాం. డ్రైవరు పన్నుకి సమాధానం నువ్వే చెప్పుకో.

ఇప్పుడు కొత్త బస్తాలు వస్తున్నాయి. ఇవి నేను నలిపాను, మొదటిసారి. ముదిరిన ఘాటమ్మని ఏరి పారేసి, నీడ వైపు వరసల్లో ఆలస్యంగా పూసింది మాత్రం కోశాను. దాని మాట నెమ్మది, కాబట్టి ఈసారి సమపాళ్ళు. నువ్వూ నలుపు. అమ్మ ఏమనుకున్నా పర్లేదు.

పొడుగాయన కంచె మీదనుంచి చూస్తూ "ఇంట్లో పొయ్యి జాగ్రత్తమ్మా" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. నాకు మొదటిసారి ఒక మనిషిని చంపాలనిపించింది. అందుకే నీ కోపం నాకిప్పుడు అర్థమవుతోంది. అందుకే నువ్వు అసలు రాకూడదు.

మీ అక్క

అక్టోబరు 17

అక్కా,

బావ కాళ్ళు పట్టుకున్నట్టు అనుకోమను. కుడి భుజం మాట వెనక్కి తీసుకున్నా. డ్రైవరుకి పన్ను కట్టించాను. వాడు మళ్ళీ నవ్వుతున్నాడు గానీ నేను దగ్గరికొస్తే నోరు మూసేస్తున్నాడు.

నీ బస్తాలు నలిపాను. రెండు అరచేతులూ మూసి తెరిచేసరికి, అక్కా, అమ్మ కొట్టులోకి నడిచినట్టుంది. మంట ఆపి, ఆవిరి కాస్త తగ్గాక వేశాను. పీపా విప్పినప్పుడు పెద్దాయన తాగలేదు. గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు వాసన చూశాడు. "దొరసాని కాదు. కానీ మా నాన్న ఒప్పుకునేవాడు" అన్నాడు. సోడాబుడ్డి చెయ్యి చాపాడు, నేనూ కలిపాను. కాగు నాదే. ఈ లారీలో బావకొక సీసా పంపుతున్నా.

ఇక అసలు సంగతి. పెద్దాయన వారం సెలవిచ్చాడు. ఇరవై ఆరున బయల్దేరుతున్నా. ఒద్దని ఎన్నిసార్లు రాస్తావు? నువ్వు రాసినవన్నీ విన్నాను. మనిషి ముక్కు తీసేసి, పొయ్యి జాగ్రత్త అంటాడా? బావ ముక్కుకి బదులు వాడి తల. తెడ్డు పిడి కోయించాను, సంచీలో పట్టింది. జడ్జి సంగతి నాకు తెలుసు. పోతే పోతాను, వాణ్ణి పంపించే పోతాను.

తలుపు తీసి ఉంచు.

తమ్ముడు

అక్టోబరు 24

నాన్నా,

నిన్నెప్పుడూ ఇలా పిలవలేదు, నాకే కొత్తగా ఉంది. చేతిరాత వంకరగా ఉంటే ఏమనుకోకు, పక్కటెముకలు రెండు విరిగాయి, రాస్తుంటే గుచ్చుకుంటున్నాయి. ఈ ఉత్తరం పోలీస్‌స్టేషన్ బల్ల మీద రాస్తున్నా. డ్రైవరు చేతికిస్తాను, నువ్వు బయల్దేరేలోగా అందిస్తానన్నాడు. పన్ను ఊడగొట్టినవాడి కోసం బండి వేగంగా తోలతానన్నాడు. ఇంతకంటే మంచివాణ్ణి నువ్వు కొట్టలేవు.

నువ్వొస్తున్నావన్న సంగతి అందరికీ తెలిసిపోయింది. నిన్న పొద్దున పొడుగాయన కంచె దగ్గర గుంజ పాతుతున్నాడు. పక్కన ఇంకో మగతీగ మొక్క, తెచ్చి మరీ నాటాడు. అల్లుళ్ళిద్దరూ కొడవళ్ళు నూరుకుంటున్నారు. "మీ తమ్ముడొస్తున్నాడటగా, రానీ, ముగ్గురం ఉన్నాం" అన్నాడు. అప్పుడు నాకు ఖాయమైంది. నువ్వొస్తే వాడు చస్తాడు, లేదా నువ్వు చస్తావు. వాడు చచ్చినా నువ్వు మాకు మిగలవు.

లోపలికెళ్ళి మన గూటం తెచ్చాను. ఆడదాన్ని కదా, గుంజ కొట్టడానికనుకున్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. కుడి చెయ్యి గుంజ తల మీద పెట్టుకుని నిలబడ్డాడు. నేను రెండు చేతులా ఎత్తి ఆ చేతి మీద దించాను. ఒక్కటే దెబ్బ. వేళ్ళన్నీ నలిగాయి. ఆ చప్పుడు నాకు ఇంకా వినపడుతోంది, సంతోషంగా లేదు, బాధగానూ లేదు. ఆ చేత్తో ఇంక గూటం ఎత్తలేడు. అల్లుళ్ళు నన్ను కిందపడేసి తన్నారు. పాలావిడ అరిచి జనాన్ని పోగుచేసింది. ఈసారి చూసినవాళ్ళున్నారు కాబట్టి వాళ్ళిద్దరినీ కూడా తీసుకొచ్చారు. పక్క గదిలో ఉన్నారు. నేను మాత్రం నా కాళ్ళ మీదే నడిచొచ్చి, నేనే కొట్టానని చెప్పాను.

తలకి తల అని రాశావు. బరువుకి బరువు వెయ్యకూడదని నీకు రాశానా లేదా? నీ చేత్తో పడితే ఆగేది కాదు, వాడి ప్రాణం పోయేది, నీ వయసు పోయేది. అందుకే నీకు బదులు నన్ను వేశాను. ఎంత వెయ్యాలో నాకు తెలుసు, అంతే వేశాను. కొన్ని నెలలు పడొచ్చని ఇక్కడి పెద్ద పోలీసు అంటున్నాడు. నాకిది మొదటి తప్పు కాబట్టి నెలలు. అదే నువ్వయితే ఏళ్ళు.

నీ సీసా మొన్న రాత్రి భోజనాల దగ్గర విప్పాం. మీ బావ ఒక గుక్క తాగి, "చేదు బాగుంది. వాసన ఎలా ఉందో నువ్వు చెప్పు" అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. ముందు పువ్వు, వెనకాల మిరియం అని చెప్పాను. కళ్ళు మూసుకుని, నేను చెప్పింది వింటూ గ్లాసంతా తాగాడు.

ఇప్పుడు చెప్తున్నా, రా. ఇన్ని ఉత్తరాల్లో రాకు రాకు అన్న నోటితోనే అంటున్నా, రా. తెడ్డు పెద్దాయనకి తిరిగిచ్చేసి ఉత్త చేతులతో రా. కోత అయిపోయింది, దొరసాని మొదళ్ళు బతికే ఉన్నాయి, చలికి ముందు మట్టి కప్పాలి. కొట్టుకి కప్పు వెయ్యాలి. మిగిలిన బస్తాల్లో ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పే ముక్కు ఇంట్లో లేదు. వారం సెలవే కదా, ఆ వారం ఆయనకి ముక్కుగా ఉండు. కంచె వైపు చూడకు. చూసినా నేను ఎందుకిక్కడ కూర్చున్నానో గుర్తు తెచ్చుకో.

తాళంచెవి పాలావిడ దగ్గరుంది. మీ బావని ఒంటరిగా పొయ్యి దగ్గరికి పోనివ్వకు. పాలు మాడిపోతున్నా తెలీదు ఆయనకి.

మీ అక్క